బ్యాటరీ తీసేశాక వినిపించిన ఈల

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఇప్పటికీ లేదు. విమానాల్లో రేడియో పరికరాలు బాగుచేయడం నా వృత్తి. రేడియోలో శబ్దం వచ్చిందంటే ఎక్కడో ఒక బ్యాటరీ పనిచేస్తున్నట్టే. ఒక్క మధ్యాహ్నం మాత్రం ఆ మాట నిలబడలేదు.

మాది వట్లూరు. విమానం నడపడం నేర్పే ఒక సంస్థ వర్క్‌షాపులో పనిచేస్తున్నాను. మొన్న వేసవిలో మా శిక్షణ విమానం ఒకటి ఇంజను ఆగిపోయి, కలిదిండి దగ్గర ఎండగట్టిన చేపల చెరువులో దిగింది. లోపలున్న ఇద్దరికీ దెబ్బలు తగల్లేదు. మర్నాడు మా సీనియర్ మూర్తిగారితో కలిసి అక్కడికి వెళ్లాను.

విమానం తోకలో ఈఎల్‌టీ అనే నారింజ రంగు పెట్టె ఉంటుంది. విమానం నేలను గట్టిగా తాకితే అది తనంతట తానే ప్రమాద సంకేతం పంపుతుంది. రేడియోలో అది పైనుంచి కిందికి జారే ఈలలా, ఆగకుండా వినిపిస్తుంది. అలా చాలాసేపు మోగిన పెట్టెకు బ్యాటరీ మార్చి తీరాలి. ఇంకోసారి అవసరమైతే అది ఎంతసేపు పనిచేస్తుందో నమ్మలేం. అందుకే పెట్టెను ఊడదీసి, బ్యాటరీ వేరుచేసి, టేపు చుట్టి సంచిలో పెట్టాను.

చెరువు యజమాని సత్యనారాయణగారు గట్టు మీద మాకు మజ్జిగ పోస్తున్నారు. అలవాటుగా చేతి రేడియో ఆన్ చేశాను. ఈల వినిపించింది.

“బ్యాటరీ తీశావా అమ్మా?” అన్నారు మూర్తిగారు.

సంచి తెరిచి చూపించాను. ఆయన వెంటనే విమానాశ్రయాలకు ఫోన్లు చేశారు. ఈ చుట్టుపక్కల ఇంకే విమానమూ దిగలేదని అక్కడివాళ్లు అన్నారు.

సంకేతం ఎటునుంచి వస్తోందో తెలుసుకునే ఉపాయం ఒకటుంది. రేడియోను గుండెకు ఆనించుకుని మెల్లగా చుట్టూ తిరగాలి. అటువైపు వీపు పెట్టగానే శబ్దం సన్నబడుతుంది. నేను కొల్లేటి వైపు వీపు పెట్టినప్పుడల్లా సన్నబడింది. మా పెట్టె ఉన్న సంచిని గట్టు మీద పెట్టింది దానికి పూర్తిగా ఎదురు దిక్కున.

“అటు ఎవరూ ఉండరండి, అంతా కిక్కిస గడ్డే” అన్నారు సత్యనారాయణగారు. అయినా గట్టు అవతల కాలవలో కట్టి ఉన్న తన దోనె తీశారు.

ఆయన గెడ వేస్తుంటే నేను ముందు కూర్చుని దిక్కు చెబుతున్నాను. గడ్డి మా తలల కంటే ఎత్తుగా ఉంది. ఈల పెరుగుతూనే ఉంది. ఆఖరికి రేడియోకి యాంటెనా పీకేసినా వినిపిస్తోంది. అంటే చాలా దగ్గరికి వచ్చేశామన్నమాట. నా వెనక కూర్చున్న మూర్తిగారు గడ్డిని చేతులతో పక్కకు తొలగిస్తున్నారు.

గడ్డి మధ్యలో ఒక దోనె కనిపించింది. అందులో ఒకాయన బోర్లా పడి ఉన్నారు. సత్యనారాయణగారి చేతిలో గెడ ఆగిపోయింది.

“మా బావండి” అన్నారు.

ఆ బావ, రంగారావుగారు, పొద్దున్నే ఏలూరు వెళ్లారనే ఇంట్లో అందరూ అనుకుంటున్నారట. ఆయనకు షుగరు ఉంది. మూర్తిగారు ఆ దోనెలోకి దిగి మణికట్టు పట్టుకున్నారు. నాడి ఆడుతోంది. సరిగ్గా అప్పుడే రేడియో మూగబోయింది.

కైకలూరు ఆసుపత్రికి తీసుకెళ్లాం. షుగరు బాగా పడిపోయిందనీ, ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవారు కాదనీ డాక్టరుగారు చెప్పారు. ఆ దోనెను మూర్తిగారు అణువణువూ వెతికారు. వల, నీళ్ల సీసా, ఛార్జింగు లేని మామూలు ఫోను. అంతే.

వర్క్‌షాపులో మా పెట్టెకు కొత్త బ్యాటరీ వేసి పరీక్షించాను. అన్నీ సవ్యంగా ఉన్నాయి. ఏదో దూరపు సంకేతం నీటికి తగిలి ఇటు వచ్చి ఉంటుందన్నారు మూర్తిగారు. ఆ మాటను ఆయనే నమ్మలేదని ముఖం చూస్తే తెలిసింది.

రంగారావుగారు కోలుకున్నాక చూడటానికి వెళ్లాను. ఈల సంగతి ఆయనకు ఇంకా ఎవరమూ చెప్పలేదు. మంచం మీద లేచి కూర్చుని ఆయనే నన్ను అడిగారు.

“ఏవండీ, నేను పడిపోయినప్పటినుంచీ పక్కన కూర్చుని ఈల వేసిందెవరండీ? ఒకసారి చూపించరా, దణ్ణం పెట్టుకుంటాను.”

రేడియో లేని మనిషి చెవికి ఆ సంకేతం వినిపించదు. అది నాకు బాగా తెలుసు. అయినా సంచిలోంచి నా చేతి రేడియో తీసి ఆయన ముందు పెట్టాను.