కుడివైపు సీసా

మార్చి పదకొండు, మంగళవారం, ఉదయం తొమ్మిది గంటల ఇరవై నిమిషాలు. ఆ సమయానికి ఆమె సర్జన్ ఎదుట కూర్చుని, ఇంటి నుంచి వల్లె వేసుకుంటూ వచ్చిన ప్రశ్నను ఒక్క ఊపిరిలో అడిగేసింది.

"ఆపరేషన్ అయ్యాక ఏ సైజు వస్తుంది మేడమ్?"

సర్జన్‌కు ఈ ప్రశ్న కొత్త కాదు. పెన్ను కింద పెట్టింది.

"బ్రా మీద ఉండే అక్షరమా? దానికి నేను మాటివ్వలేనమ్మా. ఒక కంపెనీ 'డి' ఇంకో కంపెనీకి 'సి'. ఛాతీ చుట్టుకొలత ఎలాగూ మారదు, తగ్గేది కప్పు సైజే. చనుమొనకి రక్తం అందే దారి కాపాడుకుంటూ కొయ్యాలి కాబట్టి ఇష్టమొచ్చినంత చిన్నవి చెయ్యడానికీ లేదు. ఇంకోమాట, కట్టు విప్పగానే చూసుకుని బెంబేలెత్తకండి. వాపుంటుంది. మూడు నెలలకి ఒక రూపు వస్తుంది. అసలు రూపు తేలడానికి ఏడాది."

"అక్షరం వద్దు మేడమ్. గ్రాముల్లో చెప్పండి."

సర్జన్ నవ్వింది. "గ్రాముల్లో అడిగినవాళ్ళని ఇంతవరకు చూళ్ళేదు. ఏం చేస్తుంటారు?"

"వెనక బిల్డింగులో పాథాలజీ ల్యాబ్. మీరు తీసి పంపేవన్నీ తూచేది నేనే."

సర్జన్ ఆమెను తెర వెనక్కు తీసుకువెళ్ళి టేపుతో కొలిచింది, చర్మం మీద నీలి గీతలు గీసింది, వెనక్కు వచ్చి చేతులు కడుక్కుంటూ చెప్పింది: "మీకైతే ఒక్కో వైపు ఐదు వందల యాభై దాకా తియ్యొచ్చు. భుజాలు తేలికపడాలంటే అంత తియ్యాల్సిందే."

ఐదు వందల యాభై. ఆమె ఆ అంకెను కళ్ళకద్దుకున్నంత పని చేసింది.

ల్యాబ్‌లో ఆమెను అందరూ తక్కెడక్క అనేవారు. కొత్తగా చేరిన టెక్నీషియన్లు పిత్తాశయాన్నో, గర్భసంచినో కంటితో చూసి ఉజ్జాయింపుగా బరువు రాసేస్తే, వాళ్ళ చేతిలోని పెన్ను లాక్కునేది. "తూచకముందు ఏ అంకైనా గాలి కబురే" అనేది ఆమె రోజూ పాడే పాట. ఆమె అసలు పని మాత్రం మైక్రోటోమ్ దగ్గర. మైనపు దిమ్మలో బిగించిన కణజాలాన్ని ఆ యంత్రం మీద పొరలుగా కోసి, గోరువెచ్చని నీటి మీద తేలవేసి, గాజు పలక మీదికి ఎత్తాలి. మిల్లీమీటరును మూడు వందల భాగాలు చేస్తే పొర మందం అందులో ఒక భాగమంత కూడా ఉండదు. చిటికెన వేలి కొసకు స్పర్శ సరిగ్గా తెలియకపోతే పొర ముడతపడుతుంది. ముడత కింద ఏముందో డాక్టరుకు కనిపించదు.

రెండేళ్లుగా ఆమె చిటికెన వేలు, దాని పక్క వేలు మధ్యాహ్నానికల్లా మొద్దుబారుతున్నాయి. బ్రా పట్టీలు రెండు భుజాల మీదా వేలు పట్టేంత గాడి చేశాయి. ఆ గాడి కింద నరం నలుగుతోందని ఎముకల డాక్టరు చెప్పాడు. ల్యాబ్ పెద్ద డాక్టరు మంచివాడే గాని మొహమాటం లేనివాడు. "ఏడాది చూస్తాను. చెయ్యి కుదుటపడకపోతే కౌంటర్లో కూర్చుందువుగాని" అని నిరుటి ఎండాకాలమే అన్నాడు. కౌంటరంటే శాంపిళ్ళు తీసుకుని రసీదు చింపి ఇవ్వడం. పంతొమ్మిదేళ్లు మైక్రోటోమ్ చక్రం తిప్పిన చెయ్యి రసీదులు చింపడానికి పనికొస్తుందన్న ఆలోచనే ఆమెకు అన్నం సహించకుండా చేసింది. ఆపరేషన్‌కు ఒప్పుకున్నది అందుకే. అందం మాట ఆమె ఎవరితోనూ ఎత్తలేదు, ఎత్తింది ఇతరులు.

ఆ రోజు ఆమె భర్త కూడా పక్క కుర్చీలోనే ఉన్నాడు. ఆయనకు ఫోటో స్టూడియో ఉంది. నలుగురినీ నవ్వించే మనిషి. పాస్‌పోర్టు ఫోటోకు వచ్చినవాళ్ళని కూడా గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి, "మనిషి ఫ్రేము నిండుగా ఉండాలండీ" అంటాడు. సర్జన్ మాట్లాడుతున్నంతసేపూ ఆయన నోరు విప్పలేదు. అది వింతే.

లిఫ్టు దాకా వచ్చాక ఆయన నుదురు కొట్టుకున్నాడు. "గొడుగు మర్చిపోయానోయ్. ఇక్కడే ఉండు."

లిఫ్టు వచ్చింది, వెళ్ళింది. మళ్ళీ వచ్చింది, వెళ్ళింది. ఆయన నల్ల గొడుగు ఊపుకుంటూ వచ్చాడు.

"దొరికిందా?"

"కుర్చీ కిందే ఉంది."

కుర్చీ కిందున్న గొడుగుకు అంతసేపేమిటని ఆమె అడగలేదు. ఐదు వందల యాభై ఆనందంలో ఉంది.

ఆపరేషన్ సాఫీగా జరిగింది. తీసిన కణజాలం రెండు సీసాల్లో, కుడి, ఎడమ అని చీటీలతో, వెనక బిల్డింగుకే వెళ్ళింది. ల్యాబ్‌లో ఒక కట్టుబాటు ఉంది: తమదిగాని, తమవాళ్ళదిగాని ఏ సీసానూ ఎవరూ ముట్టకూడదు. అందుకని ఈ రెండింటినీ తూచే పని సీసాలత్త చేసింది. సీసాలు సర్దడం, గడువు తీరినవి దహనానికి పంపడం ముప్పయ్యేళ్లుగా ఆవిడ చూస్తోంది కాబట్టి ఆ పేరు. చెడు కణాలేమీ లేవన్న కబురు రోగికి ఫోనులో అందింది. బరువులతో సహా పూర్తి రిపోర్టు సర్జన్‌కు వెళ్ళింది.

కట్టు విప్పిన రోజు ఆమె అద్దంలో చూసుకుంది. తగ్గినట్టే ఉంది, తగ్గనట్టూ ఉంది. వాపు అనుకుంది. భర్త అదే అన్నాడు. ఆడపడుచు వచ్చి ఎగాదిగా చూసి, "ఇంతోటి దానికి ఆపరేషనెందుకు వదినా, నాలుగు రోజులు అన్నం మానేస్తే పోయేదిగా" అని నవ్వి వెళ్ళింది. ఇంట్లో విశ్రాంతిగా ఉన్నన్నాళ్ళూ వేళ్ళు మొద్దుబారలేదు. ఆమె దాన్ని ఫలితంగా లెక్క వేసుకుంది. చక్రం తిప్పని చెయ్యి మొద్దుబారకపోవడం ఫలితమెలా అవుతుందో ఇంకొకరి విషయంలో అయితే నిలదీసి ఉండేది.

సెలవు ముగించుకుని పనిలో చేరినప్పుడు సీసాలత్త ఎదురొచ్చింది.

"అత్తా, ఎంత వచ్చింది?" అని ఆమె గొంతు తగ్గించి అడిగింది.

"నీ సీసా సంగతి నీకు చెప్పకూడదని రూలు పెట్టిందే నువ్వు కదమ్మాయ్" అంది ఆవిడ. "ముందు వాపు తగ్గనీ."

ఆవిడ కళ్ళలోకి చూడకుండా మాట్లాడటం కూడా వింతే. దాన్నీ ఆమె పక్కన పెట్టింది.

రెండో వారానికి చిటికెన వేలు మళ్ళీ చచ్చుబడింది. జూన్‌లో భుజం గాడిలో చర్మం మళ్ళీ ఎర్రబడింది. వాపు పూర్తిగా తీసిందని చేతికే తెలుస్తోంది, కాని పాత బ్రాలో వదులుగా మిగిలి మడత పడిన గుడ్డ బొటనవేలి మందం కూడా లేదు. మూడు నెలల పరీక్షకు ఆమె ఒంటరిగా వెళ్ళింది.

సర్జన్ తృప్తిగా తల ఊపింది. "చక్కగా కుదిరింది. మీవారన్నట్టు ఫ్రేము నిండుగా ఉంది."

ఆమె చొక్కా గుండీ పెట్టుకుంటున్న చెయ్యి ఆగిపోయింది. ఆ మాట పుట్టిన చోటు ఆమెకు బాగా తెలుసు.

"మావారు ఎప్పుడన్నారు మేడమ్?"

"మొదటి రోజే కదమ్మా. మీరు బయట ఉన్నారు. ఇద్దరూ మళ్ళీ ఆలోచించుకున్నామని, మరీ తగ్గించొద్దని చెప్పారు. నాకూ సబబుగానే అనిపించింది. చాలామంది తర్వాత బాధపడతారు."

"నన్ను అడగలేదు."

"మీరు సంతకం పెట్టిన కాగితంలో 'తగినంత' అనే ఉంటుంది. అంకె ఎవరికీ రాయం."

"మళ్ళీ చెయ్యొచ్చా?"

"ఏడాది ఆగాలి. ఒకసారి కోసినచోట మళ్ళీ కొయ్యడమంటే రక్తం దారికి ప్రమాదం. నేనైతే చెయ్యను."

ఆ సాయంత్రం భర్త స్టూడియో నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, భోజనానికి కూర్చున్నాడు. ఆమె వడ్డించి ఎదురుగా నిలబడింది.

"గొడుగు కోసం వెనక్కెళ్ళినప్పుడు ఆవిడతో ఏం చెప్పారు?"

"ఏ గొడుగు?"

"నల్లది. కుర్చీ కింద ఉన్నది."

ఆయన ముద్ద మింగి నవ్వాడు. "అబ్బ, నీకెప్పుడూ తవ్వకాలే! ఏం చెప్తాను? మా ఆవిడ్ని మరీ బల్లపరుపు చెయ్యకండి, తర్వాత అద్దం చూసుకుని ఏడిస్తే నేను ఓదార్చలేను అన్నాను. నీ మంచికేగా."

"ఇద్దరం అనుకున్నామని చెప్పారట."

"ఇద్దరం కాక ముగ్గురమా? ఊరికే సాగదీయకు. పాతికేళ్లుగా చూస్తున్నవాణ్ణి, ఆమాత్రం చెప్పే హక్కు లేదా?"

మోసేది నేను అన్న మాట ఆమె నాలుక చివర ఉంది. అంటే ఆయన దాన్ని రేపు స్టూడియోలో నలుగురికి చెప్పి నవ్విస్తాడు. అందుకని అనలేదు. "చారు వెయ్యనా?" అంది.

ఆ శుక్రవారం పెద్ద డాక్టరు ఆమెను పిలిచి ఐదు గాజు పలకలు బల్ల మీద పరిచాడు. ఐదింటిలోనూ పొర ముడతపడింది. ఒకదానిలో ముడత సరిగ్గా చూడవలసినచోటే ఉంది. ఆయన కోప్పడలేదు, కోప్పడితే బాగుండేది. "సోమవారం నుంచి కౌంటరమ్మా" అన్నాడు.

ఆమె తన చిన్న బ్రష్‌లు, పట్టకారు తుడిచి, గుడ్డలో చుట్టి, పక్క బల్ల అమ్మాయికి ఇచ్చింది. తరవాత సీసాల గదికి వెళ్ళింది. సీసాలత్త పై అర వైపు తల ఎత్తకుండానే మాట్లాడింది.

"నీవి ఇంకా ఉన్నాయి. గడువు ఎప్పుడో తీరింది. పంపడానికి చెయ్యి రాలేదు."

"నువ్వు తూచినప్పుడే తెలుసు కదత్తా."

"తెలుసు. నీ మొహం చూసి చెప్పలేకపోయాను. వాపు వాపు అని నువ్వు మురిసిపోతుంటే." ఆవిడ తాళంచెవి బల్ల మీద పెట్టింది. "నేను టీ తాగొస్తాను. నేనేమీ చూడలేదు, నువ్వేమీ చెప్పలేదు."

ఆమె చేతి తొడుగులు వేసుకుంది. కుడివైపు సీసా దించింది. కుళ్ళకుండా పోసే ఫార్మలిన్‌లో నానిన కణజాలం బరువు కొద్దిగా మారుతుంది. పరీక్షకు కోసిన ముక్కలు రెండు మూడు గ్రాములు పోయి ఉంటాయి. ఇవన్నీ కలిపినా తేడా పదో పదిహేనో గ్రాములు దాటదు. ముప్పయ్యేళ్ల సీసాలత్త చేతిలో పొరపాటు దొర్లే ప్రసక్తి లేదు. అయినా తూచకముందు ఏ అంకైనా గాలి కబురే. ఆ మాట ల్యాబ్‌లో అందరికీ నేర్పిన మనిషి, సర్జన్ నోటి మాటగా చెప్పిన ఐదు వందల యాభైని మాత్రం తూచిన అంకెలా మూడు నెలలు నమ్మింది.

ఖాళీ పళ్ళెం త్రాసు మీద పెట్టి సున్నా చేసింది. పసుపు, తెలుపు కలిసిన ఆ ముద్దను పట్టకారుతో ఎత్తి, కారనిచ్చి, వడపోత కాగితం మీద అటూ ఇటూ దొర్లించింది. పళ్ళెంలో పెట్టింది. గాలి తగలకుండా త్రాసు తలుపు మూసింది. అంకెలు కాసేపు ఊగాయి, ఆగాయి.

186.4 గ్రాములు.