పేపరు చూడకుండా ఇరవైకి ఇరవై

ఇవాళ నర్సీపట్నంలో మా డీఎస్సీ కోచింగులో ఇంగ్లీషు టెస్టు పెట్టారు. సిమిలీ అంటే ఏటో, మెటఫర్ అంటే ఏటో మా మాస్టారు ఎప్పుడూ చెప్పరు. "మొదటి బిట్టు బి, రెండోది డి" అని పాటలా వల్లె వేయిస్తారు. ఈసారి పేపరు టైపు చేసిన జెరాక్సు షాపాయన ఆప్షన్ల వరస మార్చేశాడు. మాస్టారు మాత్రం పాత కీ పట్టుకునే దిద్దారు. ప్రశ్నలు చదివి మరీ రాసిన కొయ్యూరు రాజులమ్మకి రెండే మార్కులొచ్చాయి.

"మాస్టారూ, ఓపాలి పేపరు సూడండి" అందామె.

"పేపరు సూడ్డం నీ పనమ్మా. నా పని కీ సూడ్డం" అన్నారాయన.

పేపరు చూడకుండా రాసిన నాకు ఇరవైకి ఇరవై. ఈ లెక్కన టీచరు ఉద్యోగమూ వచ్చేస్తుంది. మీ పిల్లలు ఏ బడిలో చదువుతున్నారో ఇప్పుడే చెప్పండి, అక్కడికి పోస్టింగు అడగను.