అక్షరాలు తీసెయ్, నే చెప్తా

తాళాల మావయ్యకి విదేశీ భాషల్లో ఒక్క ముక్క రాదు. ఆయన మాత్రం విదేశీ కార్యక్రమాలు తప్ప ఇంకేమీ చూడడు. చూసి ఊరుకుంటే ఎవరికీ బాధ లేదు. చూస్తూ, దాని అర్థం ఇదీ అని ఇంటిల్లిపాదికీ గొంతెత్తి చెబుతాడు.

ఆ ఇంటికి కోడలిగా వచ్చిన అమ్మాయి ఉద్యోగం ఏమిటంటే, విదేశీ సీరియళ్లకి కింద మన భాషలో అక్షరాలు రాయడం. ఎప్పుడూ మంచు కురిసే ఒక దేశం భాషని ఐదేళ్లు కూర్చుని చదివింది. పెళ్లికి ముందు ఆ సంగతి చెప్పినప్పుడు మావయ్య ఆమెకేసి జాలిగా చూశాడు.

"మొహాలు చూస్తే తెలిసిపోయేదానికి మళ్లీ రాయడం ఎందుకు తల్లీ? చేతులు నొప్పెట్టవూ?"

ఆయనది బజారులో తాళాల షాపు. మెట్ల కింద ఒక మనిషి, ఒక స్టూలు, తాళంచెవులు కోసే మిషను పట్టేంత చోటు. గోడనిండా ఇంకా పళ్లు కోయని తాళంచెవులు వేలాడుతుంటాయి. ముప్పయ్యేళ్లుగా తెరుచుకోనివి తెరవడమే పని కావడంతో, మూసి ఉన్నది ఏదైనా తన చేతికి లొంగుతుందని ఆయన నమ్మకం. అందులో భాషలు కూడా ఉన్నాయని కోడలికి పెళ్లయిన రెండోరోజున తెలిసింది.

సాయంత్రం ఆరున్నరకి షాపు కట్టేసి వచ్చి, మొహం కడుక్కుని ఫోన్ తీస్తాడు. ఫోన్లో బొమ్మని టీవీలోకి పంపడాన్ని ఆయన "ఎక్కించడం" అంటాడు. ఫోన్ రెండు చేతులా పట్టుకుని, ఒక కన్ను మూసి, టీవీకి గురిపెట్టి, ఊపిరి బిగబట్టి నొక్కుతాడు.

"నాన్నా, గురి అక్కర్లేదు. మంచంమీద పడుకుని నొక్కినా వెళ్తుంది," అని కూతురు వందసార్లు చెప్పింది.

"దారిలో తప్పిపోతే ఎవరిది పూచీ?"

ఒకసారి నిజంగానే తప్పిపోయింది. కింది వాటాకీ పై వాటాకీ ఇంటర్నెట్ ఒకటే. పైన లెక్కల మేష్టారు వార్తలు చూసుకుంటుంటే, ఆయన టీవీలో ఉన్నట్టుండి ఒక పిల్ల పెళ్లిబట్టల్లో ఏడుస్తూ ప్రత్యక్షమైంది. కింద మావయ్య "ఎక్కలేదే, ఎక్కలేదే" అని నొక్కినప్పుడల్లా పైన ఆ పిల్ల మళ్లీ మొదటినుంచీ ఏడుపు ఎత్తుకుంటోంది. మేష్టారు దబదబా మెట్లు దిగి వచ్చాడు.

"ఏమండీ, మీ పెళ్లికూతురు మా ఇంట్లో ఉంది!"

"త్వరగా పంపించెయ్యండి మేష్టారూ, ఇక్కడ మావాళ్లు ఎదురుచూస్తున్నారు."

"ఇంతకీ ఎందుకేడుస్తోంది?"

"కూర్చోండి, చెప్తాను."

తగవుకి వచ్చిన మనిషి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆ తర్వాత మేష్టారు వార్తలు చూడటం మానేశాడు.

మావయ్య చెప్పే కథలకి అడ్డూ ఆపూ ఉండదు. ఒక దేశం శాసనసభలో సభ్యులు బల్లలు గుద్దుకుంటుంటే, అన్నదమ్ములు ఇల్లు పంచుకుంటున్నారని తేల్చాడు. పైన కూర్చున్న సభాపతి వాళ్ల మేనమామ. వాతావరణం చెప్పే అమ్మాయి పటం ముందు నిలబడి చేతులు తిప్పుతుంటే, "పాపం, పుట్టిల్లు ఇక్కడ, అత్తిల్లు అక్కడ. మధ్యలో ఈ మబ్బులు చూడండి, ఎలా వెళ్తుంది?" అన్నాడు. అత్తయ్య నిట్టూర్చింది. "రైలుంటుందేమో చూడమనండి," అంది మనస్ఫూర్తిగా.

"చూడమని నేనెలా చెప్పనే? ఆవిడ టీవీలో ఉంది!"

"మీరు ఎక్కించారుగా!"

ఇంతా చేసి ఆయన కుర్చీ టీవీకి ఎదురుగా ఉండదు. టీవీ పక్కన, జనానికి అభిముఖంగా ఉంటుంది. బొమ్మని ఓరకంట చూసి, కథని చేతులతో, కనుబొమ్మలతో, అవసరమైతే లేచి నిలబడి చెబుతాడు. దానికి తోడు ఆ గొంతు! వీధి చివర ఇస్త్రీ బండి దాకా వినిపిస్తుంది.

కోడలు మూడు వారాలు పళ్లబిగువున ఓర్చుకుంది. నాలుగో వారం ఖర్మకాలి మావయ్య మంచుదేశం సీరియలే ఎక్కించాడు. తెరమీద ఒక పెద్దాయన, తలుపు దగ్గర నిలబడ్డ ఆవిడతో ఏదో అంటున్నాడు.

"అన్నగారు!" అన్నాడు మావయ్య. "చెల్లెల్ని ఇంటికి రమ్మని బతిమాలుతున్నాడు. ఆవిడకి అభిమానం, రానంటోంది."

కోడలి నోట్లోంచి మాట దానంతటదే ఊడిపడింది. "కాదు మావయ్యా. ఆయన ఇంటి ఓనరు. వారంలోగా ఖాళీ చెయ్యమంటున్నాడు."

ఆడపడుచు ఎగిరి గంతేసింది.

"వదినకి ఈ భాష వచ్చు కదా! ఇన్నాళ్లూ మనం ఏం చూస్తున్నాం? కింద అక్షరాలు పెట్టెయ్ నాన్నా!"

"అక్షరాలెందుకు, తీసెయ్, నే చెప్తా..." అని మావయ్య గొణిగేలోపే కూతురు ఫోన్ లాక్కుని అక్షరాలు పెట్టేసింది. అవి కోడలి ఆఫీసులో రాసినవే. ఆమెకి లోపల్లోపల గర్వంగానే అనిపించింది.

ఆ సాయంత్రం అందరూ బుద్ధిగా చదువుకున్నారు. ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. మేష్టారైతే పెదవులు కదుపుతూ చదివాడు. అత్తయ్య కళ్లజోడు తుడుచుకుని, పెట్టుకుని, సర్దుకునేలోపు అక్షరాలు మారిపోతున్నాయి. తెరమీది హాస్యానికి అందరూ నవ్వారు. రెండు నిమిషాల తర్వాత ఆవిడా నవ్వింది. అప్పటికి తెరమీద ఎవరో చనిపోయారు.

"అమ్మా!" అని కూతురు పకపకా నవ్వింది. "శవం ముందు నవ్వుతావేంటే!"

ఆరిన బట్టలు మడతపెట్టాలంటూ అత్తయ్య లేచి లోపలికి వెళ్లింది. మర్నాడూ బట్టలే. మూడోరోజు కోడలు తొంగిచూస్తే, ఆవిడ మడతపెట్టిన చీరనే విప్పి మళ్లీ మడతపెడుతోంది. హాల్లో మావయ్య తన కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు, తాళంచెవి పారేసుకున్నవాడిలా.

నాలుగోరోజు ఆఫీసునుంచి వస్తూ కోడలు షాపు దగ్గర ఆగింది.

"మావయ్యా, నా మీద కోపమా?"

మిషను కిర్రుమంటోంది. ఆయన ఆపి, కొత్త తాళంచెవి మీద పొడి ఊదాడు.

"నీ మీద కోపమేమిటి తల్లీ, నిజం చెప్పావు. ఒక సంగతి చెప్తాను, ఇంట్లో అనకు. మీ అత్తయ్య ఎడమ చెవి పనిచెయ్యడం మానేసి నాలుగేళ్లయింది. కుడిచెవి సర్కారు గుమాస్తా టైపు. ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు."

కోడలు ఇంకాస్త ముందుకి వంగింది. "డాక్టరుకి చూపించలేదా?"

"నాలుగేళ్లుగా అడుగుతున్నాను. 'నా చెవులు శుభ్రంగా ఉన్నాయి, మీరే గొణుగుతున్నారు' అంది. దాంతో నేను గొణగడం మానేసి అరవడం మొదలుపెట్టాను."

ఆయన తాళంచెవిని తాళంలో పెట్టి తిప్పాడు. తెరుచుకుంది. మళ్లీ వేశాడు.

"మన భాష సినిమా పెడితే అందరూ నవ్వేవాళ్లు. మీ అత్తయ్య 'ఏమన్నాడు?' అనేది. ఒకసారి చెప్పేవాళ్లు, రెండోసారి విసుక్కునేవాళ్లు. మెల్లిగా ఇది అడగడం మానేసింది. ఒకనాడు నేను ఫోన్లో ఒకటి నొక్కబోయి ఇంకొకటి నొక్కాను. ఏ దేశమో తెలీదు, ఏ భాషో తెలీదు. ఇంట్లో ప్రతివాళ్లూ 'ఏమన్నాడు? ఏమన్నాడు?' అని అడగడమే. అందరికంటే ముందు మీ అత్తయ్య అడిగింది. ఎంత దర్జాగా అడిగిందనుకున్నావ్!" అని మురిసిపోయాడు. "అప్పట్నుంచీ మన భాష ఎక్కించలేదు. అక్షరాలు పెట్టామనుకో, చదివేవాళ్లు ముందు వెళ్లిపోతారు, ఇది వెనకపడిపోతుంది. ఎవరికీ తెలీకపోతే అందరం ఒకచోటే ఉంటాం."

"మరి ఆ కథలన్నీ..."

"సొంతంగానే కడుతున్నా. శాసనసభ ఎలా ఉంటుందో నాకు తెలీదనుకున్నావా?"

కోడలికి నవ్వొచ్చింది, దాని వెనకే సిగ్గూ వచ్చింది. ఆ సాయంత్రం ఫోన్ తనే తీసుకుంది.

"రోజంతా ఆఫీసులో అక్షరాలే. ఇంట్లో కూడా అవే అంటే నావల్ల కాదు," అని తీసేసింది.

"అయితే నువ్వు చెప్పు వదినా," అంది ఆడపడుచు.

"ఇది వేరే యాస. నాకు ముక్క అర్థం కావడం లేదు. మావయ్యా, ఆవిడ గొడుగు ఎందుకు విసిరేసింది?"

మావయ్య ఒక్క ఉదుటున లేచి నిలబడి, "ఆ గొడుగు వెనక పెద్ద కథుంది!" అని గొంతెత్తాడు. లోపల మడతపడుతున్న చీర సగంలో ఆగింది. "ఏ గొడుగు?" అంటూ అత్తయ్య గుమ్మంలోకి వచ్చింది.

రోజులు హాయిగా సాగిపోయాయి. కోడలు కూడా కథలు కట్టడం మొదలుపెట్టింది. మావయ్యకీ ఆమెకీ పోటీ. ఈయన మేనమామ అంటే ఆమె విడాకులిచ్చిన భర్త అనేది. మేష్టారు ఇద్దరికీ మార్కులు వేసేవాడు.

ఇలా ఉండగా ఒక శనివారం మావయ్య గొంతు పోయింది. నాలుగేళ్ల అరుపుకి జలుబు తోడైంది. నోరు తెరిస్తే గాలి తప్ప మాట రావడం లేదు. ఆ సాయంత్రం ఫోన్ గురిపెట్టి సీరియల్ ఎక్కించాడు కానీ, కుర్చీలో దిగులుగా కూర్చుండిపోయాడు. తెరమీద ఒక కుర్రవాడు, ఒక ముసలావిడ వంటింట్లో మాట్లాడుకుంటున్నారు.

"ఎవరు చెప్తారిప్పుడు?" అన్నాడు మేష్టారు. కోడలు నోరు తెరవబోయింది.

"నే చెప్తా," అంది అత్తయ్య.

అందరూ తలలు తిప్పారు. ఆవిడ తెరమీంచి కళ్లు తిప్పకుండా చెప్పుకుపోయింది.

"వాడు కొడుకు కాదు, మనవడు. ఉద్యోగం పోయింది, ఆవిడకి చెప్పలేకపోతున్నాడు. ఆవిడకి తెలుసు. తెలియనట్టు నటిస్తోంది. చూడండి, అన్నం తిన్నావా అని అడుగుతోంది, వాడి చేతులకేసి చూస్తోంది. ఇప్పుడు వాడు చెప్పేస్తాడు."

తెరమీద కుర్రవాడు తలవంచుకుని చెప్పేశాడు. కోడలికి ఆ భాష వచ్చు. ప్రతి ముక్కా విన్నది.

"అత్తయ్యా! అక్షరం పొల్లుపోకుండా అదే!"

"నీకు ముక్క రాదన్నావుగా వదినా?" అంది ఆడపడుచు.

ఆ ప్రశ్నని ఎవరూ పట్టించుకోలేదు. అత్తయ్య కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"నాకు మాటలు సరిగ్గా వినపడి ఎన్నాళ్లయిందనీ! మొహాలు చూసే బతుకుతున్నా. ఆ మాత్రం తెలీదూ?" అంది మామూలుగా, ఇన్నాళ్లూ దాచింది తను కానట్టు.

మావయ్య గాలిగొంతుతో ఏదో అడిగాడు. ఆవిడ ఆయన పెదవులు చూసింది.

"మీవి కట్టుకథలని మొదటిరోజే తెలుసు. పటం ముందు నిలబడ్డ పిల్ల చూపించేది పుట్టిల్లంటే నమ్ముతానా? అంత కష్టపడి చెబుతున్నారు కదా అని రైలు చూడమన్నాను."

మేష్టారు కుర్చీ విరిగేలా నవ్వాడు. మావయ్య నెత్తిమీద చెయ్యి పెట్టుకుని, గొంతు లేకపోయినా తనూ నవ్వాడు.

మంగళవారం అత్తయ్య తనంతట తనే కోడల్ని వెంటబెట్టుకుని చెవుల డాక్టరు దగ్గరికి వెళ్లింది. మావయ్య షాపు మూసి మరీ వచ్చాడు. అప్పటికి గొంతు కూడా తిరిగొచ్చింది. డాక్టరమ్మ చెవిలో చిక్కుడుగింజంత మిషను అమర్చి, తన నోటికి కాగితం అడ్డం పెట్టుకుని మెల్లిగా అడిగింది.

"వినపడుతోందా అమ్మా?"

"నీకు వినపడుతోందా అని అడుగుతున్నారే!" అని మావయ్య అలవాటు కొద్దీ అరిచాడు.

అత్తయ్య చెవి పట్టుకుని ఎగిరిపడింది. తర్వాత ఆయనకేసి తిరిగింది.

"ఇకనుంచి మెల్లిగా చెప్పండి," అంది. "చెప్పడం మాత్రం మానకండి."