ఇనుము వద్దన్న మీట

నాన్న ఇచ్చిన ఉంగరం అమ్మ వేలి నుంచి విశాఖ సముద్రం ఒడ్డున జారిపోయింది. నాన్న పోయాక అమ్మ బాగా చిక్కిపోయింది, వేళ్ళూ సన్నబడ్డాయి. ఆ రోజు మెట్ల పక్కన పొడి ఇసుకలో కూర్చుని మరమరాలు తిని, చేతులు దులుపుకుని లేచాం. ఉంగరం లేదని తెలిసేసరికి రైలు కదిలిపోయింది. భిలాయిలో మా ఇంటికొచ్చాక అమ్మ ఆ ఊసే ఎత్తలేదు. ఖాళీ వేలిని మాత్రం బొటనవేలితో తడుముకుంటూ ఉండేది. అది చూడలేకే లోహాలను పసిగట్టే యంత్రం తెప్పించాను. కొత్తగా నేర్చుకునేవాళ్ళ రకం. పొడుగాటి కర్ర, చివర పళ్ళెం, చేతి దగ్గర నాలుగు మీటలు.

ఉక్కు ఊళ్ళో దానితో సాధన చేయడమంటే కమ్మరి వీధిలో సూదులమ్మినట్టే. క్యాంప్ వన్‌లో మా ఇంటి పెరట్లో ఆన్ చేయగానే కుయ్యోమంది. తవ్వితే నట్టు. అడుగు పక్కకి వేస్తే మేకు, ఆ పక్కన చువ్వ ముక్క. గోడవతల నుంచి చూస్తున్న పక్కింటి భయ్యా నవ్వాపుకోలేకపోయాడు.

"దీదీ, లోహాకి బంద్ చేసేయండి. మన దగ్గర లోహాకేం కమీ?"

వాళ్ళ హిందీలో లోహా అంటే ఇనుము; దానికిక్కడ కొదవ లేదన్నది నిజమే అనిపించి, ఇనుము వద్దనే మీట నొక్కాను. యంత్రం నోరు మూసుకుంది. నేను పాతిపెట్టిన ఇత్తడి తాళంచెవికీ, అమ్మ వెండి కుంకుమ భరిణెకీ మాత్రం చక్కగా పలికింది. మెట్టు మీద చిక్కుళ్ళు ఒలుస్తున్న అమ్మ నవ్వింది. నాన్న పోయాక అలా నవ్వడం అదే మొదలు. నాకిక గర్వం తలకెక్కింది.

అమ్మని తీసుకుని మళ్ళీ విశాఖ వెళ్ళాను. తడి ఇసుకలో ఉప్పుకి యంత్రం ఊరికే గీపెడుతుంది కాబట్టి, మెట్ల దగ్గర పొడి ఇసుకలోనే రెండు పొద్దులు నడిచాను. చాక్లెట్ రేకు కాగితాలు, ఒక ఇత్తడి గజ్జె దొరికాయి. ప్రతి కూతకీ అమ్మ లేచి వచ్చి, వంగి చూసి, మళ్ళీ వెళ్ళి కూర్చునేది.

రెండో రోజు రైలుకి గంటన్నర ఉందనగా అడిగింది.

"ఆ మీటేటే?"

"ఇనుము వద్దని చెప్పే మీటమ్మా. నేకపోతే ప్రతి మేకుకీ అరుస్తాది."

అమ్మ తన ఖాళీ వేలిని ఓసారి చూసుకుంది.

"మీ నాన్న ఉంగరం ఇనుముదే గదే. నాను కాపురానికొచ్చిన కొత్తల చువ్వ ముక్క అరగదీసి చేసినారు. వెండిదనుకున్నావేటి?"

వెండిదనే అనుకున్నాను, ఇన్నేళ్ళూ. వేలికి రాపిడై అంత తెల్లగా మెరిసేది. నాన్న ఉక్కు ఫ్యాక్టరీ జీతం తిని పెరిగినదాన్ని, ఇనుముని గుర్తుపట్టలేకపోయాను. సిగ్గుతో మీట మార్చాను. ఇసుకంతా ఒక్కసారి గొల్లుమంది. సోడా మూతలు, మేకులు, తుప్పు ముక్కలు. మోకాళ్ళ మీద పడి టైమైపోయేదాకా తవ్వాను. చివరికి అమ్మే చెయ్యి పట్టుకుని లేపింది.

బహుశా ఆ రెండు పొద్దులూ ఉంగరం మీదుగానే నడిచి ఉంటాను.

యంత్రాన్ని అమ్మేద్దామంటే అమ్మ ఒప్పుకోలేదు. కొన్ని సాయంత్రాలు తనే తెచ్చి నా చేతికిస్తుంది. ఇనుము వద్దనే మీట నేనిక ముట్టను. పెరట్లో అడుగడుక్కీ అది అరుస్తుంటే అమ్మ మెట్టు మీద కూర్చుని, ఖాళీ వేలు తడుముకుంటూ వింటుంది. చెవులు హోరెత్తి నేను ఆపబోతే చెయ్యి అడ్డం పెడుతుంది.

"ఉండనీయే. మీ నాన్న తిరిగిన నేల గదా, పలకనీ."