జానెడు సారు ఉద్యోగం ఎలా ఊడింది

ఆ రోజుల్లో మా వైపు మనిషి కాస్త పొడుగ్గా పుడితే వాడి బతుకు వాడి చేతుల్లో ఉండేది కాదు, ఇరుగుపొరుగు చేతుల్లో ఉండేది. అటక మీది బిందె దించాలన్నా, పందిరి మీదికి చిక్కుడు తీగ ఎక్కించాలన్నా, పక్క వీధిలో పెళ్ళికి తోరణం కట్టాలన్నా నన్నే పిలిచేవారు. పని అయ్యాక ఫోటోలో మాత్రం వెనక వరుసలో నిలబెట్టేవారు. నా ఎత్తు ఆరున్నర అడుగులు. (సరే, ఆరు. చెప్పులతో కలిపి.) ఇప్పటి పిల్లలు పాలు తాగి, మాత్రలు మింగి ఎదుగుతున్నారు గానీ అప్పట్లో జొన్న గటక తిని ఆ ఎత్తు ఎదగడమంటే మాటలు కాదు. ఆ ఎత్తే నన్ను ఒక ఉద్యోగంలోకి ఎక్కించింది. ఆ ఉద్యోగంలోంచి ఎలా దిగానో చెప్పడానికే ఈ నాలుగు ముక్కలు.

మాది ఖమ్మం నుంచి భద్రాచలం పోయే దారిలో, అడవి అంచున, బొగ్గు బావుల ఊరు. మా నాయన బావిలో కార్మికుడు. తండ్రి పని మానుకుంటే కొడుకును ఆ పనిలోకి తీసుకునే పద్ధతి ఉండేది. నా ఈడువాళ్ళంతా తండ్రుల వెనక వరుస కట్టి నిలబడ్డారు. మా నాయనకు అప్పటికే దగ్గు ముదిరింది. వీధి మలుపులో దగ్గు వినిపించగానే అమ్మ పొయ్యి మీద నీళ్ళు పెట్టేది. ఆయన మానుకోవాలి, నేను దిగాలి. లెక్క అంత తేలిక. కానీ నేను బావిలో ఒకసారి అడుగు పెట్టి చూశాను. కప్పు నా భుజాల దాకా వచ్చింది. నాయన ముందు నడుస్తూ, "వంగు బిడ్డా, ఇంకింత వంగు" అంటూనే ఉన్నాడు. పైకి వచ్చాక నడుము పట్టుకొని నిశ్చయించుకున్నాను: ఏ పనైనా చేస్తాను గానీ నిటారుగా నిలబడి చేస్తాను.

అదే ఏడు మా ఊరి కాలేజీలో బాస్కెట్ బాల్ మొదలుపెట్టారు. ప్రిన్సిపాల్ గారు మితభాషి, గంభీరమైన మనిషి. పిల్లలు ఆయనకు 'మౌనవ్రతం సారు' అని పేరు పెట్టారు. ఆయన నన్ను పిలిపించి, కిందనుంచి పైదాకా చూశాడు. చూడ్డానికే చాలాసేపు పట్టింది.

"ఎన్నడన్న ఆడినవా?"

"యూనివర్సిటీ టీంలో ఉన్నాను సార్."

(ఉన్నాను. బెంచీ మీద. తువ్వాళ్ళు, మంచినీళ్ళు నా అధీనంలో ఉండేవి. అయినా టీం ఫోటోలో వెనక వరుస మధ్యలో ఉన్నది నేనే కదా.) అంతే, నేను కోచ్‌నయ్యాను. ఏడాదికేడాది పొడిగించే ఉద్యోగం. ఇంటికి పోయి చెబితే నాయన బీడీ ముట్టించి, ఆర్పి, మళ్ళీ ముట్టించాడు.

"బంతిని గంపల ఏసుడు గూడ ఒక నౌకరేనా రా?"

"కోచ్ అంటరు నాయనా. సార్ అని పిలుస్తరు."

"సరే తియ్యి. నీకా నౌకరి ఉన్నన్ని రోజులు నేనే దిగుత. అది పోయిన్నాడు మాత్రం మాట మార్చొద్దు. నా జాగల నువ్వు దిగాలె."

"పోదు నాయనా" అన్నాను. అంత గట్టిగా నేను అంతకు ముందు ఏ మాటా అనలేదు. ఆయన దగ్గుకుంటూ షిఫ్టుకు పోయాడు.

మా కోర్టు కాలేజీ వెనక ఎర్రమట్టి నేల. రింగును ఊళ్ళో ఒక వెల్డింగ్ షాపులో చేయించాం. ఆ షాపాయన ఎడ్లబండ్ల పట్టాలు అతికించడంలో దిట్ట. రింగును కూడా అంతే గట్టిగా అతికించాడు గానీ అది ఒక పక్కకు ఒరిగి కూర్చుంది. సూటిగా వేసిన బంతి అంచుకు తగిలి బయటికి పోయేది. నేను రెండు రోజులు ఆలోచించి శాస్త్రీయంగా ఒక పద్ధతి కనిపెట్టాను: "రింగును చూడకుండ్రి. రింగుకు జానెడు ఎడమకు చూసి ఎయ్యుండ్రి." పిల్లలు ఎయ్యడం మొదలుపెట్టారు, బంతి పడటం మొదలుపెట్టింది. అప్పట్లో చుట్టుపక్కల ఇంకెక్కడా కోర్టు లేదు కనుక అందరూ మా దగ్గరికే ఆడటానికి వచ్చేవారు. వచ్చినవాళ్ళు రింగును నమ్మి సూటిగా వేసేవారు. అలా ఆ ఏడు మేము ఓటమి ఎరుగం. జిల్లా అదిరిపోయింది. (జిల్లా అంటే మా వీధి, కాలేజీ క్యాంటీను.) మౌనవ్రతం సారు నా భుజం తట్టడానికి చెయ్యి పైకెత్తి, అందక, మోచెయ్యి తట్టాడు. మా టీం కెప్టెన్ బావి కార్మికుడి కొడుకు, నాకంటే కూడా పొడుగు, వాణ్ణి 'నిచ్చెన' అనేవాళ్ళం. ఇంకొకడు అడవి లోపలి కోయ పల్లెనుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదివేవాడు. ఎప్పుడు ఎటు తిరుగుతాడో తెలియదు, అందుకని వాడు 'తూనీగ'. వీళ్ళిద్దరూ బంతి పట్టుకుంటే చూడ్డానికి క్యాంటీను మూసేసి వచ్చేవారు.

మరుసటి ఏడు భద్రాచలంలో కోర్టు కట్టారు, మమ్మల్ని ఆటకు పిలిచారు. బస్సు దిగి, గోదాట్లో మునిగి, బొట్లు పెట్టుకొని కోర్టుకు పోయాం. అక్కడి రింగు సూటిగా ఉంది. మా పాపం అక్కడే పండింది. మావాళ్ళు వేసిన బంతి వేసినట్టే, రింగుకు సరిగ్గా జానెడు ఎడమగా పోయేది. కెప్టెన్ వేసినా అంతే, తూనీగ వేసినా అంతే. గట్టు మీద మరమరాలు తింటున్న ఒక పెద్దమనిషి పక్కాయనతో అన్నాడు: "ఒక్కడికి తప్పితే వాని చెయ్యి వంకర అనుకుంటం. అందరికీ ఒక్క తీరే తప్పుతుందంటే వీళ్ళ సారుది వంకర." ఆ మాట మాకంటే ముందే బస్సెక్కి మా ఊరికి చేరింది. అప్పటినుంచి నా అసలు పేరు పోయింది. నేను జానెడు సారునయ్యాను. తర్వాత చండ్రుగొండలో, కబడ్డీ ఆడుకునే పిల్లల్ని పోగేసి నిలబెట్టిన టీం చేతిలో కూడా ఓడాం. వాళ్ళకు బంతిని నేలకు కొట్టుకుంటూ పోవాలని కూడా తెలియదు. చంకలో పెట్టుకొని పరిగెత్తేవాళ్ళు. అయినా ఓడాం.

మౌనవ్రతం సారు రింగును సాపు చేయించాడు. "మధిర వాళ్ళు మన దగ్గరికి ఆడనీకి వస్తున్నరు. గదొక్కటి చూస్త" అన్నాడు. మితభాషి కనుక మిగతాది చెప్పలేదు. ఇంట్లో నాయన కూడా అడగలేదు. దగ్గు మాత్రం గోడ అవతలినుంచి రోజూ అడుగుతుండేది.

నేను పట్టు పట్టాను. పిల్లల చేతుల్లోంచి ఆ జానెడు తీసెయ్యాలి. మధ్యాహ్నం ఎండలో, కాళ్ళు కాలుతుంటే, సూటిగా వెయ్యడం మొదటినుంచీ నేర్పాను. ఒక్క చిక్కు ఉంది. మా పిల్లలు సగం మంది తండ్రుల సైకిళ్ళు వేసుకొని వచ్చేవాళ్ళు. రెండో షిఫ్టుకు ముందు బావి దగ్గర హెచ్చరిక సైరన్ కూస్తుంది. అది కూసేసరికి సైకిలు ఇంటికి చేరాలి, లేకపోతే తండ్రి నడిచి పోయి ఆలస్యమై, ఆ పూట పని పోగొట్టుకుంటాడు. ఒకసారి నిచ్చెన ఆటలో పడి మరిచిపోతే, వాళ్ళ నాయన వచ్చి నన్ను కోర్టు మధ్యలో నిలబెట్టి, "నీ బంతి కోసం నా కూడు తియ్యకు సారూ" అన్నాడు. ఆ రోజునుంచి నేనొక నియమం పెట్టాను. సైరన్ కూసిందంటే బంతి ఎవరి చేతిలో ఉన్నా నేల మీద పెట్టెయ్యాలి, సైకిలెక్కి పోవాలి. పెట్టనివాడు మరునాడు కోర్టు చుట్టూ పరుగు పెట్టాలి. హాస్టలు పిల్లలకూ అదే నియమం, వాళ్ళు సైరన్ కూయగానే మంచినీళ్ళకు పోవాలి. కొన్నాళ్ళకు ఎంత అలవాటైందంటే, సైరన్ మొదటి కూత సగంలో ఉండగానే బంతి నేల మీద ఉండేది. ఆ క్రమశిక్షణ చూసి నాకే ముచ్చటేసేది.

మధిర టీం పొద్దుటి రైలుకు వచ్చింది. ఆట ఎండెక్కక ముందే మొదలు కావాలి. కానీ ముఖ్య అతిథి రాలేదు. ఆయన రాకుండా, దండ పడకుండా, ప్రసంగం లేకుండా మన దగ్గర ఏ ఆట మొదలైంది గనక? ఆయన భోజనం చేసి మరీ వచ్చాడు. ఆరోగ్యమే మహాభాగ్యమని చెప్పి, చెప్పిందే ఇంకోసారి చెప్పి, కుర్చీలో కూర్చొని కునుకు తీశాడు. ఆట మొదలయ్యేసరికి మధ్యాహ్నం బాగా తిరిగింది.

మావాళ్ళు ఆ రోజు ఆడిన ఆట నేను మళ్ళీ చూడలేదు. బంతులన్నీ సూటిగా పోతున్నాయి. తూనీగ ఇద్దరి మధ్యలోంచి దూరి నిచ్చెనకు అందిస్తే, వాడు అటక మీద ఉప్పు డబ్బా పెట్టినట్టు రింగులో పెట్టేస్తున్నాడు. మేము యాభై పాయింట్ల ముందున్నాం. (అంత లేదు. కానీ ముందున్నాం, అది నిజం. స్కోరు బోర్డు మీద సుద్దతో రాసింది అందరూ చూశారు.) ఆట ఇంక కాసేపట్లో అయిపోతుంది. మౌనవ్రతం సారు నా వైపు తిరిగి నవ్వాడు. ఆయన పళ్ళు చూడటం నాకదే మొదలు. బంతి తూనీగ చేతిలో ఉంది.

సైరన్ కూసింది.

తూనీగ బంతిని కోర్టు నడిమధ్యన, పూజలో కొబ్బరికాయ పెట్టినంత జాగ్రత్తగా, నేల మీద పెట్టాడు. పెట్టి మంచినీళ్ళకు పోయాడు. నిచ్చెన, మిగిలినవాళ్ళు సైకిళ్ళ స్టాండ్లు తన్ని బయల్దేరారు. అన్నిటికంటే ఘోరం, నేను కూడా లేచి చెప్పుల కోసం కుర్చీ కింద వెతుకుతున్నాను.

మధిర కోచ్ మా వైపు వంగి మర్యాదగా అడిగాడు: "ఏవండీ మాస్టారూ, మీ పిల్లలు సైకిళ్ళెక్కి పోతున్నారేంటండీ?"

వాళ్ళ ఊళ్ళో బావులు లేవు, సైరన్ లేదు. వాళ్ళకు ఆట నడుస్తూనే ఉంది. రిఫరీ ఈల ఊదలేదు. మధిర పిల్లల్లో ఒకడు బంతిని అటూ ఇటూ చూసి, తీసుకొని, మొహమాటపడుతూ రింగులో వేశాడు. ఎవరూ ఏమీ అనకపోయేసరికి ఇంకోసారి వేశాడు. నేను గేటు దాకా పరిగెత్తి, "రారా, రారా, ఇయ్యాల షిఫ్టు లేదు" అని అరిచాను. బావికి షిఫ్టు లేకపోవడమేమిటి? పిల్లలు నమ్మలేదు. నలుగురు తిరిగి వచ్చేసరికి మా పాయింట్లు, వాళ్ళ పాయింట్లు తారుమారయ్యాయి. నిచ్చెన సైకిలు ఇంట్లో ఇచ్చి, నడుచుకుంటూ వచ్చేసరికి ముఖ్య అతిథి బహుమతి మధిర వాళ్ళకిచ్చి వెళ్ళిపోయాడు.

"సార్, మనమే గెలిచినం గద?" అన్నాడు వాడు.

మౌనవ్రతం సారు గదిలో ఫ్యాను తిరుగుతోంది.

"షిఫ్టు దిగినట్టు దిగిపోయిన్రేందయ్యా" అన్నాడు.

"డిసిప్లిన్ సార్."

"నా సర్వీసుల గింత డిసిప్లిన్ చూడలే." కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన నవ్వు ఆపుకుంటున్నాడో, కోపమో నాకు ఇప్పటికీ తెలియదు. "బంతి ఆఫీసుల అప్పజెప్పి పో. రేపటిసంది రాకు."

ఇంటికి పోయేసరికి నాయన మంచం మీద ఉన్నాడు. ఆ రోజు ఆయనది మొదటి షిఫ్టు. జరిగింది జరిగినట్టు చెప్పాను. తూనీగ బంతిని నేల మీద పెట్టిన దగ్గరికి వచ్చేసరికి ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వు దగ్గయింది, దగ్గు మళ్ళీ నవ్వయింది. అమ్మ వచ్చి వీపు రాసింది.

"పోరగాండ్లను తిట్టినవా?"

"లేదు నాయనా. చెప్పినట్టే చేసిన్రు కదా."

"మంచిగ చేసినవు." కళ్ళు తుడుచుకున్నాడు. "ఇగ రేపు గూడ నేనే దిగాల్నా బావిల?"

"దిగకు. పండుకో. నేను దిగుత" అన్నాను. దిగాను కూడా. మొదటి రోజు కప్పు నా హెల్మెట్టును ఎన్నిసార్లు పలకరించిందో. నాయన మాత్రం ఆ రోజునుంచి ఇంటి ముందు ఎండలో కాళ్ళు చాపుకొని కూర్చున్నాడు. దగ్గు తగ్గకపోయినా నెమ్మదించింది.

కానీ ఒక్క మాట. ఉద్యోగం తీసేశారు గానీ ఆట తీసెయ్యలేదు కదా. నాకు మొదటి షిఫ్టు లేని ప్రతి పొద్దునా గ్రౌండుకు పోయేవాణ్ణి. మౌనవ్రతం సారు ఒక రోజు కిటికీలోంచి చూసి బయటికి వచ్చాడు.

"నిన్ను తీసేసిన గదయ్యా."

"అవ్ సార్. తీసేసినోడు ఖాళీగుంటడు కద సార్, అందుకే వచ్చిన."

ఆయన లోపలికి పోయి, బంతి పట్టుకొచ్చి ఇచ్చాడు. మరుసటి ఏడు మధిరకే పోయి మధిర వాళ్ళను చిత్తుగా ఓడించాం. (ఓడించలేదు. కొద్దిలో ఓడిపోయాం. కానీ ఒక్కడూ మధ్యలో ఇంటికి పోలేదు.)

ఇప్పుడక్కడ సిమెంటు కోర్టు ఉంది. అమ్మాయిల టీం ఆడుతుంది. వాళ్ళ కోచ్ ఒక అమ్మాయి, ఈల మెళ్ళో వేసుకొని మెరుపులా తిరుగుతుంది. రిటైరై మోకాళ్ళు అరిగినా నేను రోజూ పోతాను. మొన్న, "తాతా, గట్టు మీద కూసో, బంతి తగుల్తది" అంది. "నన్ను ఈ గ్రౌండు నుంచి ఒకసారి తీసేసిన్రమ్మా, ఇగ ఎవ్వరితోని కాదు" అన్నాను. ఆ అమ్మాయి నవ్వి, బంతి నా చేతిలో పెట్టింది. పిల్లలంతా ఆగి చూస్తున్నారు. నడుము నిటారుగా చేసి, రింగును సూటిగా చూసి, వేశాను. వల కదిలింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

(కదిలిన మాట నిజమే. బంతి కిందనుంచి తగిలింది.)