అవ్వ ఫ్రిజ్, ఆఫ్రికా ఆకాశం

ముందే ఒప్పుకుంటున్నాను, గోరంత జరిగితే నేను కొండంత చెబుతాను.

కాకినాడ నుంచి భూపాలపల్లి వెళ్తూ మహబూబాబాద్‌లో బస్సు కోసం ఆగాను. అక్కడ పాలమ్మే అవ్వ పాత ఫ్రిజ్, ఏనుగంతది, ఆగిపోయింది. టాంజానియాలో పనిచేసి వచ్చిన, గార్ల ఊరి మెకానిక్, లోపలి గ్యాసును పట్టే సిలిండర్ సాయంత్రం వస్తుందని, అందాకా దాన్ని ముట్టనన్నాడు.

"ఆ గ్యాసును జర గాలికిడువు నాయినా, పాలు ఖరాబైతయి," అంది అవ్వ.

"ఇడిస్తే ఓజోను పొర ఖరాబైతది అవ్వా. ఆఫ్రికాల గట్ల ఇడువరు. ఒక దేశపోళ్లకు గీ గ్యాసు పట్టే పని రాకుంటే పక్క దేశపోళ్లు వచ్చి నేర్పుతరు. బందు పెట్టిన గ్యాసు దొంగతనంగ సరిహద్దు దాటుతుంటే ఒకలకొకలు కబురు పెట్టుకుంటరు."

"గన్ని దేశాలు కలిసే చేస్తయా?"

"అందరి నెత్తి మీద ఉన్నది గదే ఆకాశం గదా."

అవ్వ ఎదురు దుకాణం వైపు చూసింది. ఆ దుకాణమామెతో వందేళ్లుగా మాటల్లేవు. అయినా పాల ట్రే ఎత్తుకుని రోడ్డు దాటింది.

"ఏమే, నీ ఫ్రిజ్జుల జర జాగ ఉన్నదా?"

నేను నోరు తెరుచుకుని చూస్తుంటే నా బస్సు వెళ్లిపోయింది.

ఏనుగు నా కల్పన, అది మామూలు ఫ్రిజ్జే. వందేళ్లు కూడా అబద్ధం, మూడేళ్లే. ఎదురామె తన కూల్‌డ్రింకులు తీసి ఎండలో పెట్టి, పాలకు చోటివ్వడం మాత్రం నిజం.