పక్కన వేసిన కుర్చీ

మా టైపు మాస్టారు పోయారు. పాతపట్నం నుంచి వాళ్ళ తమ్ముడు ఫోన్ చేసేసరికి నేను షాపులో ఎవరిదో హాల్ టికెట్టు ప్రింటు తీస్తున్నాను. "అన్నయ్య ఎల్లిపోనాడమ్మా. పొద్దున్న టీ ఇద్దామని లేపితే లేవనేదు" అన్నారాయన. నేను "అలాగా" అన్నాను. ఎదురుగా నిలబడ్డ అమ్మాయి కాగితం తీసుకుని వెళ్ళాక షట్టరు సగం దించి, లోపల కూర్చుని ఏడ్చాను.

కోటబొమ్మాళి స్టేషన్ రోడ్డులో టైపు నేర్చుకున్నవాళ్ళు ఎవరున్నా ఆయన చేతి కిందే నేర్చుకుని ఉంటారు. పెంకుటింటి ముందు గదిలో వరసగా మిషన్లు, వాటి వెనక చెక్క స్కేలు పట్టుకుని ఆయన. ఆ స్కేలుతో ఎవరినీ కొట్టగా చూడలేదు. వేళ్ళ వంక చూస్తూ టైపు చేస్తే మాత్రం దాన్ని తెచ్చి మన కళ్ళకీ, చేతులకీ మధ్య అడ్డంగా పెట్టేవారు. చేతులు కనపడకుండా కొట్టడం అలా వచ్చింది నాకు.

టైపు మిషన్లకి కాలం చెల్లాక వాటిని తీసేసి, ఏదో ఆఫీసువాళ్ళు వద్దనుకున్న పాత కంప్యూటర్లు తెచ్చుకున్నారు. అవి తరచూ మొరాయించేవి. వాటిని బాగుచేసుకుంటూనే ఆయనకి రిపేరు పట్టుబడింది. ఊళ్ళో ఎవరి కంప్యూటరు ముసలిదైనా ఆయన గుమ్మంలోకే వచ్చేది. సైకిలు పంపుతో దుమ్ము కొట్టేవారు. ర్యామ్ తీసి దాని అంచుని పెన్సిలు రబ్బరుతో రుద్దేవారు. తర్వాత ఆ డబ్బా ఎంత మొయ్యగలదో చూసి, దానికి తగిన తేలికపాటి ఓఎస్, అదే కంప్యూటరుని నడిపే ప్రోగ్రాము, వేసేవారు. "ముసలోడి నెత్తిన పెద్ద మూట ఎట్టి, నడవనేదని తిడితే ఏటి లాభం పిల్లా" అనేవారు నాతో. నేను నెట్ సెంటరు పెట్టుకున్నాక నాకు ఈ పని నేర్పింది ఆయనే. నాకు పెళ్ళయి, పిల్లలు పుట్టాక కూడా ఆయనకి నేను పిల్లనే.

ఆయనకి ఒక పట్టింపు ఉండేది. సిపియు ఇచ్చేసి సాయంత్రం వస్తామంటే ఒప్పుకునేవారు కాదు. ఫార్మాట్ కొట్టే ముందు, అంటే డిస్కులో ఉన్నదంతా తుడిచేసే ముందు, దాని సొంతదారుకి తన పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టేవారు. ఒక్కొక్క ఫోల్డరూ తెరిచి, "ఇది ఉంచాలా, తీసెయ్యాలా?" అని అడిగేవారు. డిస్కులో ఉన్నవన్నీ అలా అడగాల్సిందే. రైసు మిల్లు ఆయన ఒకాయన, అంతా చెత్తే, కొట్టెయ్యండి మాస్టారూ అని గునుస్తూ రెండు గంటలు కూర్చున్నాడు. ఆఖరి ఫోల్డరులో ఆయన కూతురు చిన్నప్పుడు మౌసుతో గీసిన బొమ్మలు బయటపడ్డాయి. వంకర ఇల్లు, ఇంటి కంటే పెద్ద కోడి. ఆ కోడిని చూసి ఆయన నవ్విన నవ్వు నాకింకా గుర్తు. ఆయన వెళ్ళాక మాస్టారు, "ఎవలి సామాను ఆలే సూసుకోవాల. మనకేటి తెలస్తాది, ఏది చెత్తో" అన్నారు.

నాకు తొందర ఎక్కువ. ఆ కుర్చీ సంగతి నాకు మహా చిరాకుగా ఉండేది. రోజుకి నాలుగు సిస్టమ్‌లు అయ్యే చోట ఒక్కటి అవుతుందేమిటి మాస్టారూ అని వేళాకోళం చేసేదాన్ని. ఆయన వినిపించుకునేవారు కాదు.

ఊరందరి కంప్యూటర్లనీ కొత్తగా చేసిన మనిషి తనదాన్ని మాత్రం ముట్టుకోలేదు. లోపలి గదిలో ఉండేది అది. "సిచ్చి నొక్కి అన్నం వార్చుకొచ్చేసరికి లేస్తాది" అని ఆయనే నవ్వేవారు. ఓఎస్ మార్చమంటే, దాన్నలా ఉండనీవే అనేవారు. బద్ధకం అనుకున్నాను. ఆయన భార్యని మేం అమ్మగారు అనేవాళ్ళం. ఒంటరి మగాడు, ఆవిడ పోయాక ఇంట్లో ఏదీ పట్టించుకోవడం లేదనుకున్నాను.

రెండేళ్ళ కిందట ఆయన కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. తమ్ముడు శ్రీకాకుళం తీసుకెళ్ళారు. కనకాంబరాలకి నీళ్ళు పొయ్యమని ఇంటి తాళం నాకిచ్చి వెళ్ళారు. మాస్టారు తిరిగొచ్చేసరికి ఆ కంప్యూటరు పరుగులు పెట్టాలి, ఆయన ఆశ్చర్యపోవాలి, అదీ నా సరదా. డెస్క్‌టాప్ మీదున్నవీ, డాక్యుమెంట్స్‌లో ఉన్నవీ జాగ్రత్తగా కాపీ తీశాను. దుమ్ము దులిపాను. ర్యామ్ పెంచాను. ఫార్మాట్ కొట్టి కొత్త ఓఎస్ వేశాను. ఆయన నేర్పినట్టే అన్నీ చేశాను, ఒక్కటి తప్ప.

నల్ల కళ్ళద్దాలతో వచ్చి కూర్చున్నారు. స్విచ్చి నొక్కగానే తెర వెలిగింది. "ఓలమ్మ, భలేగుందే పిల్లా" అన్నారు. తర్వాత ఏదో వెతకడం మొదలుపెట్టారు. తెలుగు టైపు కొట్టే పాత డీటీపీ ప్రోగ్రాము ఉండాల ఇందులో అన్నారు. అది ఈ కొత్తదాంట్లో పనిచెయ్యదు, మీ ఫైళ్ళన్నీ ఇక్కడున్నాయని చూపించాను. ఆయన ఒకసారి అంతా చూశారు. మళ్ళీ మొదటి నుంచి చూశారు. మంచినీళ్ళు ఇమ్మన్నారు.

అప్పుడు చెప్పారు. అమ్మగారు పాటలు కట్టేవారు. చర్చిలో స్త్రీల సమాజంలో ఆవిడ పాట లేకుండా మీటింగు జరిగేది కాదని నాకూ తెలుసు. ఆవిడ కాగితం మీద రాయరట. వంటింట్లో పని చేసుకుంటూ పాడితే, ఈయన వింటూ టైపు చేసేవారట. ప్రింటు తీసిన కాగితాలు ఒక తుఫానుకి పెంకులు లేచిపోయినప్పుడు తడిసి ముద్దయ్యాయి. మిగిలినవి ఆ డీటీపీ తన సొంత ఫోల్డరులో దాచుకున్నవే. సి డ్రైవు లోపల ఎక్కడో ఉంటుంది అది. నేను తెరిచి చూడని చోట. ఆయన పక్కన ఉండి ఉంటే మొదట అదే చూపించేవారు.

ఆయన తెర వంక చూస్తూనే అన్నారు.

"కుర్చీ ఎయ్యనేదేటే పిల్లా?"

అంతే. ఆ తర్వాత ఆయన పోయేదాకా ఆ ఊసెత్తలేదు. నేనే ఏడుస్తుంటే పోనీలే అన్నారు, నా వీపు నిమిరారు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ డిస్కు పట్టుకుని విశాఖపట్నం వెళ్ళాను, పోయినవి తిరిగి తీసేవాళ్ళ దగ్గరికి. పాతవాటి మీద కొత్తవి రాసేశారు, కింద ఏమీ మిగల్లేదన్నారు. తిరుగు రైల్లో ఆ డిస్కుని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆయనతో ఆ మాట చెప్తే, తెలుసులే, అన్నం తిన్నావా అని అడిగారు.

కొన్నాళ్ళకి మా షాపుకి రావడం మొదలుపెట్టారు. కొత్తదాంట్లో తెలుగు టైపు చెయ్యడం నేర్పమన్నారు. పాత తెలుగు కీబోర్డు ఆయన వేళ్ళలో ముప్పై ఏళ్ళుగా ఉంది. కొత్తదాంట్లో అక్షరాలు వేరే చోట్ల ఉన్నాయి. వేళ్ళు పాత చోటికే పోయేవి, తప్పు పడేది, తుడిచేవారు. ఇక చేసేది లేక ఒక్క వేలితో, కీబోర్డు మీదకి వంగి, ఒక్కొక్క అక్షరం వెతుక్కుని కొట్టేవారు. మా కళ్ళకి స్కేలు అడ్డం పెట్టిన మనిషి. ఒకరోజు షాపు నిండా అప్లికేషన్ల కోసం వచ్చినవాళ్ళున్నారు. ఒత్తు ఎలా పెట్టాలని మూడోసారి అడిగారు. ఈ వయసులో ఇది నేర్చుకుని ఏం చేస్తారు మాస్టారూ అని విసుక్కున్నాను. "ఊరికే. పొద్దు పోవాల కదేటి" అని నవ్వి, జనం తగ్గేదాకా బయట బెంచీ మీద కూర్చున్నారు. ఆ విసుగుని వెనక్కి తీసుకోగలిగితే నా దగ్గరున్నదేదైనా ఇచ్చేద్దును.

ఆఖరి నెల పాతపట్నంలో తమ్ముడి ఇంట్లోనే ఉన్నారు. ఇక్కడికి తెచ్చి అమ్మగారి పక్కనే సమాధి చేశారు. మర్నాడు తమ్ముడుగారు సిపియు పట్టుకుని షాపుకొచ్చారు. "దీన్ని సండే స్కూలు పిల్లలకి ఇమ్మన్నాడమ్మా. ఇచ్చేముందు నీ సేతే శుభ్రం సేయించమన్నాడు" అన్నారు. నా చేతే. ఇంకెవరి దగ్గరికీ వద్దని గట్టిగా చెప్పారట.

తమ్ముడుగారు వెళ్ళాక షాపు మూసి, సిపియు బల్ల మీద పెట్టాను. పక్కన కుర్చీ వేశాను. ఈసారి ఒక్క ఫోల్డరూ వదల్లేదు. డాక్యుమెంట్స్‌లో నేను అప్పుడు కాపీ చేసిపెట్టినవి కాక కొత్తది ఒకే ఒక్క ఫైలుంది, 'పాటలు' అని. రెండేళ్ళూ ఆయన ఇంట్లో కూర్చుని ఒక్క వేలితో కొట్టింది. గుర్తున్నంత మేర అమ్మగారి పాటలన్నీ మళ్ళీ రాసుకొచ్చారు, వరస నెంబర్లు వేసి. గుర్తు లేని చోట ఖాళీ వదిలి, బ్రాకెట్లో ఏదో రాశారు. మొదట అర్థం కాలేదు, తర్వాత తెలిసింది, ఆ చోట పాడుతూ అమ్మగారు ఏం చేసేవారో అది. 'ఇక్కడ ఒక లైను పోయింది. ఊపిరి తీసుకునేది.' ఇంకో చోట, 'రెండు మాటలు గుర్తు లేవు. నా వైపు చూసి నవ్వేది.' కిందికి వెళ్ళే కొద్దీ పాటలు తగ్గి బ్రాకెట్లు పెరిగాయి. ఎక్కడా నా పేరు లేదు, నేను చేసిన పని లేదు. పోయింది అని మాత్రమే రాశారు, దానంతటదే పోయినట్టు.

ఆఖరి నెంబరు కింద పాటే లేదు. 'ఇది మొత్తం పోయింది. కట్టిన రోజు వాన. తను పాడుతూ, నేను వింటూ స్టవ్ సంగతి మర్చిపోయాం, పాలు పొంగిపోయాయి.' అంతవరకే ఉంది.

సిపియు మీద చెయ్యి పెట్టాను. తర్వాత, ఆయన అందరినీ అడిగే మాటే, పక్కకి తిరిగి ఆ ఖాళీ కుర్చీని అడిగాను. "మాస్టారూ, ఇది ఉంచాలా, తీసెయ్యాలా?"